పిల్లలకు పోస్టరు నేర్పాలంటే: కాగితమా, స్క్రీన్ ప్రింటింగా, ఫోనా, కంప్యూటరా?

ఏ బడికి వెళ్లినా పర్యావరణ దినోత్సవం నాటి చార్టులు ఒక్కలాగే ఉంటాయి. రెండు అరచేతుల్లో భూగోళం, దాని మీద చిన్న మొక్క, కింద 'చెట్లను పెంచుదాం, భూమిని కాపాడుదాం'. రంగులు బాగుంటాయి, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, బహుమతి కూడా వస్తుంది. కానీ ఆ చార్టు ఎవరిని ఏమడుగుతోంది? ఊళ్లో ఏ చెట్టు కొట్టేశారు, ఎవరు కొట్టేశారు, దాన్ని ఆపాల్సింది ఎవరు? వీటిలో ఒక్కదానికీ అందులో జవాబుండదు.

బొమ్మలు వేయడం పిల్లలకు వచ్చు. మనం నేర్పనిది ఒక బొమ్మతో, నాలుగు మాటలతో ఫలానావారిని ఫలానా పని చేయమని అడగడం. సామాజిక ప్రచారానికి గ్రాఫిక్ డిజైన్ నేర్పడమంటే అసలు అదే. నేర్పుదామనుకునే ఉపాధ్యాయులు, ఎన్‌ఎస్‌ఎస్ అధికారులు, గ్రంథాలయాలు నడిపేవారు, స్వచ్ఛంద సంస్థలవారు మాత్రం చాలాసార్లు పరికరం దగ్గరే ఆగిపోతారు. ల్యాప్‌టాప్‌లు వస్తే తప్ప మొదలుపెట్టలేమని కొందరంటారు. అంతా ఫోనులోనే జరుగుతున్న కాలంలో కాగితం దేనికని కొందరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలామంది కాగితం దగ్గరే మొదలుపెట్టాలి. అందరూ కాదు. ఎవరికి ఏది, ఎందుకు అన్నదే ఇక్కడ చర్చ.

పోలికకు ఒక ఉదాహరణ కావాలి కాబట్టి ఒక ఊరిని ఊహించుకుందాం. హైస్కూలు మండల కేంద్రంలో ఉంది. సాయంత్రం బడి వదిలాక వచ్చే బస్సు అప్పటికే నిండిపోయి, స్టేజీ దగ్గర ఆగకుండా వెళ్లిపోతుంది. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. కొందరి ఇళ్లలో చదువు మాన్పించే మాటలు మొదలయ్యాయి. ఈ పిల్లలను పోస్టరు వేయమంటే దాదాపు అందరూ 'ఆడపిల్లను చదివిద్దాం' అనే రాస్తారు. మంచి మాటే, కాదనేవారు ఎవరూ ఉండరు. ఇబ్బంది కూడా అదే: కాదనేవారు లేని మాటకు జవాబు చెప్పాల్సినవారూ ఉండరు. 'సాయంత్రం 5 గంటల బస్సు మా స్టేజీలో ఆగాలి' అని రాస్తే ఆ మాటకు ఒక చిరునామా ఏర్పడుతుంది. అది డిపో మేనేజరుగారి బల్ల.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది, పోస్టరు ఎవరి కంట పడాలి, ఎక్కడ పడాలి అన్నది. డిపో మేనేజరు పదో తరగతి పిల్లల ఇన్‌స్టాగ్రామ్ చూడరు. బస్టాండులోని టీ కొట్టు గోడను మాత్రం ఆయన కండక్టర్లు, డ్రైవర్లు రోజూ చూస్తారు. అదే విషయం నగరంలోని పూర్వ విద్యార్థులకు చేరాలంటే గోడ పనికిరాదు, ఫోనే కావాలి.

రెండోది, మనం లేకపోయినా పిల్లలు మళ్లీ వేసుకోగలరా? మాస్టారు బదిలీ అవుతారు, సంస్థ ప్రాజెక్టు ముగుస్తుంది, శిక్షకుడు తన ల్యాప్‌టాప్ సర్దుకుని వెళ్లిపోతాడు. పరికరంతోపాటు చదువూ వెళ్లిపోతే అది శిక్షణ కాదు, ప్రదర్శన.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: పోస్టరులో ఉన్న మాట ఎవరిది? కొన్ని పరికరాలు మాట దొరికేదాకా పిల్లలను కూర్చోబెడతాయి. కొన్ని మాట లేకపోయినా పోస్టరు తయారైనట్టు భ్రమ కలిగిస్తాయి.

నాలుగోది తెలుగు అక్షరం. ఇంగ్లిషు పోస్టరుకు లేని చిక్కులు మనకు ఉన్నాయి. వత్తులు విడిపోవడం, గుణింతాలు తప్పడం, ఒక యంత్రంలో బాగున్నది మరో యంత్రంలో ముక్కలవడం లాంటివన్నీ పరికరాన్నిబట్టి మారతాయి. ఐదోది పిల్లల క్షేమం: పేరు, ముఖం, ఊరు ఎంతవరకు బయటపడతాయన్నది.

ఖర్చును కావాలనే ఈ వరుసలో పెట్టలేదు. కాగితం మీద గీసే గోడ కామిక్కు, స్క్రీన్ ప్రింటింగ్, ఫోను, కంప్యూటర్ అనే ఈ నాలుగు మార్గాలూ కొద్ది డబ్బుతో నడపవచ్చు. అసలు ఖర్చు పెద్దలు కూర్చుని వినే సమయం.

| | గోడ కామిక్కు | స్క్రీన్ ప్రింటింగ్ | ఫోను | కంప్యూటర్ |
|---|---|---|---|---|
| మొదటి పని పూర్తయ్యేది | రెండు రోజుల్లో | మూడు నాలుగు రోజుల్లో | ఒక పూటలో | కొన్ని వారాల్లో |
| కావలసినవి | తెల్ల కాగితం, నల్ల పెన్ను, జెరాక్సు | మెష్ ఫ్రేము, స్క్వీజీ, రంగు, నీళ్లు, ఆరబెట్టే చోటు | స్మార్ట్‌ఫోను, డేటా | కంప్యూటర్, ఉచిత సాఫ్ట్‌వేర్, ఓపిక |
| ఎక్కడ పనిచేస్తుంది | బస్టాండు, రేషన్ దుకాణం, పంచాయతీ కార్యాలయం | ఊరేగింపు, సభ, చొక్కాలు, సంచులు | వాట్సాప్ గ్రూపులు, ఇన్‌స్టాగ్రామ్ | కరపత్రం, పుస్తకం, పెద్ద బ్యానరు |
| తెలుగు అక్షరం | చేతిరాత, చిక్కు లేదు | గుండ్రాలు ఊడే ప్రమాదం | ఫాంట్లు తక్కువ, పెట్టెలో పట్టవు | స్వేచ్ఛ ఎక్కువ, చిక్కులూ ఎక్కువే |
| సొంత మాట | తప్పించుకోలేరు | ఒక్క మాటే, అదీ పదునుగా | ముందే తయారైన టెంప్లేటు మింగేస్తుంది | నేర్పేవారినిబట్టి |
| పెద్ద లోపం | దూరం నుంచి చదవలేరు | చోటు, చేయి తిరిగిన మనిషి కావాలి | ఫోను ఎవరి చేతిలో ఉందన్నది | అందరికీ అందదు |

గోడ కామిక్కు

ఢిల్లీ కేంద్రంగా పనిచేసే వరల్డ్ కామిక్స్ ఇండియా, దాని వ్యవస్థాపకుడు కార్టూనిస్టు శరద్ శర్మ ఈ పద్ధతిని దేశమంతా తిప్పారు. బొమ్మలు వేయడం రాని మామూలు మనుషులే తమ ఊరి సమస్యను నాలుగు గళ్ల కథగా గీసి, జెరాక్సు తీసి, ఊళ్లోనే అంటించి, చదివినవారితో మాట్లాడటం దీని సారం. రెండు ఏ4 కాగితాలను కలిపి అతికిస్తే ఒక గోడ కామిక్కు అవుతుంది. ఏ3 యంత్రం మండల కేంద్రంలోనూ దొరకకపోవచ్చు, ఏ4 జెరాక్సు మాత్రం అన్నిచోట్లా ఉంటుంది. అందుకే ఈ కొలత.

మన బస్సు కథ నాలుగు గళ్లలో ఎలా పడుతుందో చూడండి. మొదటి గడిలో బడి గంట, సంచులు తగిలించుకుని పరుగెత్తే ఇద్దరు పిల్లలు: 'ఈరోజైనా ఆగుతుందంటావా?' రెండో గడిలో దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయే బస్సు వెనుకభాగం, చెయ్యెత్తిన పిల్ల. మాటలేమీ ఉండవు. మూడో గడిలో ఇల్లు, దీపం వెలిగింది, గుమ్మంలో నాన్న: 'రేపటినుంచి బడి వద్దులే.' నాలుగో గడి దగ్గర పిల్లలు తప్పకుండా తడబడతారు. ఎక్కువమంది అక్కడ ఒక పెద్దాయనను తెచ్చి 'ఆడపిల్ల చదువు దేశానికి వెలుగు' అనిపిస్తారు. అక్కడే ఆపి అడగాలి: నాన్న బడి మాన్పిస్తానన్నది చదువంటే ఇష్టం లేకనా, చీకటంటే భయం వల్లనా? చీకటి వల్ల అయితే నాలుగో గడిలో ఉండాల్సింది నాన్నకు నీతిబోధ కాదు. పిల్లలు, తల్లిదండ్రులు కలిసి సంతకాలు చేసిన అర్జీ, దాని మీద ఒకే వాక్యం: 'సాయంత్రం 5 గంటల బస్సు మా స్టేజీలో ఆగాలి.' ఆ నాలుగో గడి మీద జరిగే గంటసేపటి వాదనే ఈ శిక్షణ మొత్తంలో విలువైన భాగం. ఏ సాఫ్ట్‌వేరూ ఆ వాదనను మీకోసం మొదలుపెట్టదు.

చేతిపని సంగతులు కొన్ని. మాటలు ముందు రాయించి, వాటి చుట్టూ బుడగ గీయించండి. బుడగ ముందు గీస్తే చివరి పదం ఎప్పుడూ ఇరుక్కుంటుంది. పెన్సిల్ బొమ్మ మీద నల్ల ఇంకు పెన్నుతో దిద్దాలి. రంగులు వద్దు, జెరాక్సులో ఎరుపు, నీలం రెండూ మురికి బూడిదరంగుగా వస్తాయి. కాగితం అంచున వేలెడు ఖాళీ వదలాలి, లేకపోతే యంత్రం అంచు అక్షరాలను తినేస్తుంది. బొమ్మ రాదనే పిల్లలకు గీతల మనుషులు చాలు. ముఖంలో కళ్లు, నోరు మారితే భావం మారుతుందని ఒక్కటి చూపిస్తే మిగతాది వాళ్లే చేసుకుంటారు.

కథకు ఉన్న బలం తెలుగువారికి కొత్తగా చెప్పక్కర్లేదు. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో, కొత్తగా చదువు నేర్చుకుంటున్నవారి వాచకంలో సారా చితకగొట్టిన ఒక ఇంటి కథ పాఠంగా వచ్చింది. రాత్రి బడుల్లో అలాంటి పాఠాలు చదివి చర్చించుకున్న ఆడవాళ్లే దూబగుంటలో సారా దుకాణానికి ఎదురుతిరిగారు. 1992లో అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ మద్యనిషేధం తర్వాత నిలవలేదన్నది వేరే సంగతి. పాఠం ఒక్కటే ఉద్యమాన్ని తెచ్చిందనీ అనలేం. చదివినవారికి తమ ఇల్లే ఆ పేజీలో కనబడిందన్నది మాత్రం నిజం.

లోపాలూ తక్కువేమీ కాదు. గోడ కామిక్కును దగ్గరగా నిలబడి, అరనిమిషం వెచ్చించి చదవాలి. బస్సులో వెళ్లేవారికి అది తెల్ల కాగితం ముక్క. చదవడం రానివారికి రెండు, మూడు గళ్లే అర్థమవుతాయి, అడిగే మాట ఉన్న నాలుగో గడి అందదు. వానకు రెండో రోజే తడిసి చిరిగిపోతుంది. కాబట్టి మనుషులు ఆగి కూర్చునే చోట్లే దీనికి తగినవి: ఆరోగ్య కేంద్రంలో క్యూ, మంగలి దుకాణం, టీ కొట్టు.

స్క్రీన్ ప్రింటింగ్

పెళ్లి కార్డులు అచ్చువేసే ఏ చిన్న పట్నంలోనైనా ఈ పని తెలిసినవారు ఉంటారు. చెక్క ఫ్రేముకు బిగించిన సన్నని మెష్ (జల్లెడలాంటి గుడ్డ), దాని కింద బొమ్మ ఆకారం కోసిన స్టెన్సిల్, పైన రంగు, రంగును లాగే రబ్బరు స్క్వీజీ. ఒకసారి సిద్ధం చేసుకుంటే గంటలో వందల ప్రతులు తీయవచ్చు. కాగితం మీదే కాదు, గుడ్డ మీద కూడా.

1968 మేలో పారిస్‌లో లలితకళల విద్యార్థులు తమ కళాశాలను ఆక్రమించి నడిపిన ప్రజా కార్యశాల ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. మొదట లిథోగ్రఫీతో (రాతి మీద గీసి అచ్చుతీసే పద్ధతి) ప్రయత్నించి, అది నెమ్మదిగా సాగుతుండటంతో స్క్రీనుకు మారారు. ఏ పోస్టరు వేయాలో సభలో కలిసి నిర్ణయించేవారు. ఎవరి సంతకమూ ఉండేది కాదు. ఒకటి రెండు రంగులు, ఒక బొమ్మ, మూడు నాలుగు మాటలు. ఆ పరిమితి వాళ్లు కావాలని పెట్టుకున్నది కాదు, రాత్రికి రాత్రి అచ్చువేయాల్సిన అవసరం నుంచి వచ్చింది. కౌమారంలోని పిల్లలకు కూడా ఈ పరిమితే మేలు చేస్తుంది. ఒకే రంగు, ఐదు మాటలు అని గిరి గీస్తే విశేషణాలన్నీ రాలిపోతాయి.

మన దేశంలో దీనికి తగిన ఉదాహరణ కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. 1960లలో కేంద్ర ప్రభుత్వ శాఖలో పనిచేసిన దీప్ త్యాగి పేరుతో ముడిపడిన ఆ గుర్తు ఒక తలకిందులు త్రికోణం, అంతే. గోడల మీద, బస్సుల మీద, ఆసుపత్రుల మీద ఏ పెయింటరైనా కొలబద్ద లేకుండా వేయగలిగాడు. పిల్లలకు దీన్ని చూపించేటప్పుడు రెండో సగం కూడా చెప్పాలి. అత్యవసర పరిస్థితి కాలంలో బలవంతపు ఆపరేషన్ల తర్వాత అదే త్రికోణం చాలామందికి భయం పుట్టించింది. గుర్తు ఎంత బాగా కుదిరినా దాని వెనుక జరిగే పని మంచిదైపోదు.

తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. స్టెన్సిల్‌ను కాగితంలో కోస్తే గుండ్రంగా మూసుకున్న భాగాలు ఊడి చేతిలోకి వస్తాయి. 'ం', 'ర', 'ఠ' లాంటి వాటిలో లోపలి ముక్క పోయి నల్ల ముద్ద మిగులుతుంది. ఆ ముక్కను విడిగా మెష్‌కు అంటించాలి, లేదా అక్షరంలో సన్నని వంతెన వదలాలి. పిల్లలు ఆ వంతెనలు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తూ అక్షరం నిర్మాణాన్ని మొదటిసారి నిజంగా చూస్తారు. కార్టూనిస్టు ఆర్టిస్ట్ మోహన్ పోస్టర్లలోలాగా అక్షరం కూడా బొమ్మలో భాగమేనని అప్పుడు తెలుస్తుంది.

చోటు, నీళ్లు, ఆరబెట్టే తాళ్లు, తోడుండే మనిషి లేకుండా దీని జోలికి వెళ్లకండి. చిన్న పిల్లలకు కాగితపు స్టెన్సిల్, నీటితో కడిగే రంగులే ఇవ్వాలి. ఫోటో ఎమల్షన్ (వెలుతురుకు గట్టిపడే పూత), ద్రావకాలు డిగ్రీ విద్యార్థులకు, అదీ గాలి ఆడే గదిలో.

ఫోను

2013లో మొదలైన కాన్వా, దానిలాంటి యాప్‌లు వచ్చాక పోస్టరు చేయడం పదినిమిషాల పని అయింది. నాకు అభ్యంతరం ఉన్నదీ అక్కడే. పిల్ల యాప్ తెరిచి 'విద్య' అని వెతుకుతుంది, వందల టెంప్లేట్లు వస్తాయి, ఒకటి ఎంచుకుని ఇంగ్లిషు తీసేసి తెలుగు పెడుతుంది. ఆ పెట్టె ఇంగ్లిషుకు కొలిచి పెట్టింది కనుక తెలుగు వాక్యం పట్టదు. పట్టడానికి మాట తగ్గిస్తుంది. అలా 'సాయంత్రం 5 గంటల బస్సు మా స్టేజీలో ఆగాలి' కాస్తా 'బాలికా విద్య' అయిపోతుంది. బొమ్మ కోసం వెతికితే ఎక్కడిదో మెరిసే పసుపు బస్సు దొరుకుతుంది. చివరికి చేతికొచ్చేది చూడముచ్చటగా ఉంటుంది, ఆ ఊరిది మాత్రం కాదు.

అలాగని ఫోనును పక్కన పెట్టేయలేం. కాలేజీ పిల్లలు ఉండేదీ, వాదించుకునేదీ అక్కడే. కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటే ఫోను మంచి పరికరమే అవుతుంది. టెంప్లేటు వద్దు, ఖాళీ పేజీతో మొదలుపెట్టాలి. ఫోటోలన్నీ తామే తీయాలి: తుప్పు పట్టిన స్టేజీ బోర్డు, ఫుట్‌బోర్డు మీద వేలాడే సంచులు, చీకట్లో టార్చి వెలుగు. ముఖాలు వద్దు. రెండు ఫాంట్లు, నలుపుకు తోడు ఒకే రంగు. ఇన్‌స్టాగ్రామ్ కోసమైతే 1080×1350 పిక్సెళ్ల నిలువు కొలత సరిపోతుంది. అచ్చుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే కుదించి పంపుతుంది, అక్షరాల అంచులు మసకబారతాయి. తేదీ, ఊరు పేరు పోస్టరులోనే ఉండాలి. అవి లేని పోస్టరు మూడేళ్ల తర్వాత ఎక్కడో పుకారుగా తిరుగుతుంది.

సహాయ నంబర్లు వేస్తే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. పిల్లల సహాయానికి 1098, మహిళలకు 181, సైబర్ మోసాలకు 1930, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. ఒక అంకె తప్పితే పోస్టరు మేలు కన్నా కీడే చేస్తుంది.

ఇంకొక సంగతి శిక్షణ ప్రణాళికల్లో రాయరు. ఐదుగురికి ఒక ఫోను ఇస్తే అది ఎవరి చేతిలో ఉంటుందో గమనించండి. చాలాచోట్ల ఇంట్లో ఫోను అన్నదో తమ్ముడిదో అవుతుంది, ఆడపిల్లకు హోంవర్కు ఉన్నప్పుడే అందుతుంది. ఫోను మీదే శిక్షణ కడితే, ఎవరి సమస్య గురించి పోస్టరు వేస్తున్నామో వాళ్లే పక్కన కూర్చుని చూస్తుంటారు. కాగితం ఈ విషయంలో సమానత్వం పాటిస్తుంది. ఇక పదమూడేళ్లు నిండని పిల్లల చేత సొంత ఖాతాలు తెరిపించకండి. కాన్వాలో బడుల కోసం విడిగా ఉచిత విద్యా ఖాతాలు ఉన్నాయి, ఉపాధ్యాయుల ద్వారా వాటినే వాడటం మేలు.

వాక్యం రాస్తే బొమ్మ ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లను ఈ పోలికలో చేర్చలేదు. తెలుగు అక్షరాలను అవి గజిబిజి చేసే ప్రమాదం ఉంది. అంతకన్నా ముఖ్యం, వెళ్లి చూసి గీయాల్సిన బస్టాండును చూడకుండానే గీసిపెడతాయి.

కంప్యూటర్

ఇది అందరికీ కాదు. ముప్పైమంది తరగతిలో ఇద్దరు ముగ్గురికి దీని మీద నిజమైన ఆసక్తి ఉంటుంది. కాగితం, ఫోను దాటి వచ్చిన ఆ ఇద్దరు ముగ్గురి కోసం దాచుకోవాల్సిన మెట్టు ఇది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. గీతల పనికి ఇంక్‌స్కేప్, ఫోటో పనికి జింప్ ఉచితం, తెలుగు వత్తులను రెండూ సరిగ్గానే కలుపుతాయి. ఇంక్‌స్కేప్‌లో గీసిన బొమ్మ వెక్టర్ (చుక్కలుగా కాక గీతల లెక్కలుగా దాచుకునే బొమ్మ) కనుక చీటీ అంత చిన్నదిగా అచ్చువేసినా గోడంత బ్యానరు వేసినా అంచులు చెదరవు. ఫోటోషాప్‌లోనే నేర్చుకుంటామంటే అమరికల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. అది చేయకపోతే 'స్త్రీ' మూడు ముక్కలుగా కనబడుతుంది, పిల్లలు తమ కంప్యూటరే పాడైందనుకుంటారు.

ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర పూనికతో వచ్చిన రామభద్ర, మండలి, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు లావుపాటి రామభద్ర, వివరాలకు మండలి అంటే సగం పని అయినట్టే. ఒకే కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనేక్ తెలుగు ఉంది.

అసలు గండం డీటీపీ దుకాణంలో ఎదురవుతుంది. అక్కడ చాలావరకు పాత అను ఫాంట్లతో పని నడుస్తుంది, అవి యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతం) కావు. మీరు టైపు చేసిన ఫైలు అక్కడ తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. దుకాణంవారు మళ్లీ టైపు చేస్తామంటారు, ఆ మళ్లీ టైపులో డిపో పేరు తప్పుతుంది. అందుకే ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. ఏ3 అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) చొప్పున 3508×4961 పిక్సెళ్లు కావాలని కూడా పిల్లలకు తెలిస్తే దుకాణంలో ధైర్యంగా మాట్లాడతారు. జీవనోపాధి కోణంలో ఈ నాలుగింటిలో నేరుగా పనికొచ్చేది కూడా ఇదే.

ఏ పరికరమైనా తెలుగుకు వర్తించేవి కొన్ని ఉన్నాయి. మన లిపిలో ఇంగ్లిషులోలాగా పెద్దబడి (క్యాపిటల్ అక్షరాలు) లేదు కనుక ప్రాముఖ్యం లావుతో, పరిమాణంతో, రంగుతోనే చూపాలి. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఢీకొనకుండా ఇంగ్లిషు కన్నా ఎక్కువ వరుస ఎడం ఇవ్వాలి, ఒకటిన్నర రెట్లు ఇస్తే ఊపిరాడుతుంది. అక్షరాల మధ్య ఎడం సాగదీయకూడదు. పోస్టరును గోడకు పెట్టి పది అడుగుల దూరం నుంచి, విషయం తెలియని ఒక పిల్లాడితో చదివించండి. తడబడిన చోటల్లా దిద్దాల్సిందే.

మీరు ఎవరైతే ఏది

జిల్లా పరిషత్ హైస్కూలు ఉపాధ్యాయులైతే గోడ కామిక్కు. వారానికి ఒక పీరియడు దొరికినా ఒక నెలలో పని కనబడుతుంది. పై అధికారుల అనుమతి తీసుకోవడం సులువు, ఖర్చు జెరాక్సు వరకే.

డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ అధికారికి ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది కనుక స్క్రీన్ ప్రింటింగ్ సరిగ్గా అతుకుతుంది. మొదటి రెండు రోజులు ఊరివారితో మాట్లాడటానికే కేటాయించండి. ఐదో రోజుకు రంగు చేతికి అంటితే చాలు. మొదటిరోజే ఫ్రేములు బయటికి తీస్తే మళ్లీ 'స్వచ్ఛతే దైవం' దగ్గర తేలుతారు.

కిశోర బాలికల బృందాలతో పనిచేసే సంస్థలకు కాగితమే చెబుతాను, మరో కారణంతో. బాల్యవివాహం, వేధింపు లాంటి విషయాల్లో ఫోటో ప్రమాదం, గీసిన బొమ్మ రక్షణ. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012), బాలల న్యాయ చట్టం (2015) బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరంగా చూస్తాయి. పేరు రాయకపోయినా బడి, వీధి, చెల్లెలి జడ రిబ్బను చూపితే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. కథను పక్క మండలానికి మార్చండి, కుటుంబంలో మనుషుల సంఖ్య మార్చండి, అడిగే మాట మాత్రం మార్చకండి.

నగరంలోని ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు కాగితం ఇస్తే నవ్వుతారు. నవ్వనివ్వండి, మొదటి పూట మాత్రం కాగితం మీదే ఆలోచింపజేసి ఆ తర్వాత ఫోనుకు వదలండి. వాళ్లకు కావాల్సింది పరికరం కాదు, విషయం ఉన్న చోటికి ఒకసారి వెళ్లిరావడం.

అమెరికాలోనో మరోచోటో మనబడి లాంటి తరగతుల్లో తెలుగు నేర్చుకునే పిల్లలకూ నాలుగు గళ్ల కామిక్కే తగినది. వాక్యాలు చిన్నవి కనుక భాష అందుతుంది. విషయం మాత్రం వాళ్లు ఉండే ఊరిదే కావాలి. అమ్మమ్మ ఊరి నీటి సమస్య గురించి అక్కడ గోడకు అంటిస్తే చూసేదెవరు? రెండు భాషల్లో వేయమంటే ఏ మాట ఎవరి కోసమో వాళ్లే తేల్చుకుంటారు.

ఒంటరిగా నేర్చుకునే యువతీయువకులకు ఫోను, దాని వెంటనే ఇంక్‌స్కేప్. ఒక్కరే ఉన్నప్పుడు మాటను పరీక్షించే తోడు ఉండదు కాబట్టి, పోస్టరు పెట్టేముందు ఆ సమస్య ఉన్న మనిషికి ఒకసారి చూపించడం తప్పనిసరి చేసుకోండి.

అంటించే ముందు అనుమతుల సంగతి చూసుకోవాలి. బహిరంగ స్థలాలను పాడుచేయకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం ఉంది. గోడ యజమానినో పంచాయతీనో అడగకుండా పిల్లల చేత అంటించకండి, గోడరాతలూ రాయించకండి. ఎన్నికలకు సంబంధించిన మాట ఏదైనా ఉంటే అచ్చువేసినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు పోస్టరు మీద ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. పిల్లల బృందం ఎన్నికల నెలల్లో అలాంటి విషయాలకు దూరంగా ఉండటమే మంచిది. గోడకు అంటించిన కామిక్కు ప్రతి ఒకటి అర్జీకి జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు నంబరు పిల్లల నోటుపుస్తకంలో రాయించండి. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా 'ఒక పెద్ద ఫ్లెక్సీ వేయిద్దాం' అంటారు. 100 మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అంత పెద్దది కావాలనుకుంటే పాత తెల్ల పంచె మీద స్క్రీన్ ప్రింటు వేయండి. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు.